ఎనిమిదో మెట్టు

గ్రీమ్స్‌పేటలో జిరాక్స్ షాపు మీద అద్దె గది.
రాత్రి పదిన్నరకు పదకొండు కిటికీలు తెరుచుకుని కూర్చున్నాను,
ఒక్కదాన్నుంచీ గాలి రాదు.

అన్నీ నాలాంటి వాళ్ళవే, ఇళ్ళు గీసేవాళ్ళవి.
నాకూ ఒక వెబ్‌సైటు కావాలి.
ఎట్లా ఉండాలో తెలియక
ఎట్లా ఉన్నాయో చూస్తున్నాను.
రూళ్ళ పుస్తకంలో గళ్ళు కొట్టుకున్నాను:
తెరుచుకోవడానికి ఎంతసేపు, ఫోను నంబరు ఎక్కడ,
ఇంట్లో మనుషులున్నారా.

మొదటిది నల్లగా తెరుచుకుంది. ఆ నలుపులోంచి
ఒక కాంక్రీటు గోడ,
పెళ్ళిపీటల మధ్య అడ్డుతెర దించినంత నెమ్మదిగా.
నిజం చెప్పాలంటే, గోడ బాగుంది.
దానవతల ఏముందో మూడుసార్లు నొక్కినా చెప్పలేదు.

రెండోదాంట్లో బాణం గుర్తు నా వేలి వెనకే
పిల్లికూనలా తిరుగుతుంది.
కాసేపు దాంతోనే ఆడుకున్నాను, ఇళ్ళ సంగతి మరిచిపోయి.

నాలుగోదాంట్లో ఇల్లు వెలుగుతో సంభాషిస్తుందట.
మా ఓనరమ్మ కూడా సంభాషిస్తుంది,
నెలనెలా, కరెంటు బిల్లుతో.

మిగతావాటిలో ఎప్పుడు చూసినా సాయంత్రం ఆరుంబావే.
దీపాలన్నీ వెలిగే ఉంటాయి, ఎవరూ ఉండరు.
గడప దగ్గర ఒక చెప్పుల జత లేదు,
పిట్టగోడ మీద ఎండబెట్టిన మామిడి తాండ్ర లేదు,
గ్యాసు బండ ఎక్కడ పెడతారో ఎవరూ చూపించరు.
ఆ ఊళ్ళలో వానే పడదా?
పడితే ఏ మూల చెమ్మ దిగింది?
చెమ్మకని ఇంకో గడి కొట్టాను.
పదకొండింటికీ అది ఖాళీ.

తొమ్మిదోది మాత్రం ఎవరో చిన్న ఊరి మనిషిది.
అక్షరాలు వంకర, రంగులు పెళ్ళిపత్రికవి.
అయినా ప్లాను పక్కనే ఖర్చు రాసిపెట్టింది, పైసల్తో సహా.
దాన్ని మూయబుద్ధి కాలేదు.

పొద్దున్నే కెమెరా తీసుకుని నా పనులు చూడబోయాను.
ఎన్నని? కట్టినవి ఆరు.
అందులో రెండు ప్రహరీలు,
ఒకటి మురకంబట్టు దగ్గర బెల్లం షెడ్డు,
ఒకటి వేలూరు రోడ్డులో పాల బూతు, దానిమీద ఇప్పుడు సిమెంటు కంపెనీ బోర్డు.
కొంగారెడ్డిపల్లెలో షంషాద్‌గారి మేడమెట్లే
నలుగురిలో చెప్పుకునేవి.

వెళ్ళేసరికి మెట్ల కింద కుట్టుమిషను చేరింది.
నేను తెల్లగా వదిలిన గోడకు చిలకాకుపచ్చ.
కమ్మీ పొడుగునా ఆరేసిన జాకెట్ లైనింగులు.
"తీసేసేదా మేడం, ఫోటోకి?" అందామె.
తీసేయండి అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చింది.
అప్పుడే వాళ్ళ చిన్నది స్కూలు బ్యాగుతో పైకి పరుగెత్తుతూ
ఎనిమిదో మెట్టు దగ్గర, కిందికి చూడకుండానే,
కాలు కాస్త ఎత్తి వేసింది.

అది అరంగుళం ఎక్కువ.
ఆ రోజు లెవెలు నేనే తప్పు చెప్పాను.
"ఏం మా, ఇది తేడాగా ఉండాదే" అన్నాడు మేస్త్రీ మునిరత్నం.
వినలేదు.
కొత్తవాళ్ళు అక్కడ తడబడతారు.
ఇంట్లోవాళ్ళ కాళ్ళకు తెలుసు.

రాత్రి మళ్ళీ కూర్చున్నాను. నల్ల తెర వద్దు.
పిల్లికూన మీద మనసు పీకింది, అదీ వద్దు.
పైన నంబరు. కింద మెట్లు, లైనింగులతో సహా.
ఖర్చు. మేస్త్రీ పేరు.
చివర, ఎనిమిదో మెట్టు అరంగుళం ఎక్కువ, తప్పు నాది అని రాసి
చెరిపి
మళ్ళీ రాసి.

ముందు మునిరత్నానికే పంపాను.
కట్టమంచి దగ్గర టీ కొట్టులో, పగిలిన ఫోను మీద
బొమ్మ దిగేసరికి టీ చల్లారింది.
బొమ్మల బరువు తగ్గించాలి, పుస్తకంలో రాసుకున్నాను.
తన పేరు వెతుక్కుంటాడనుకున్నా.
రెండు వేళ్ళతో గోడ మూలను పెద్దది చేసి
చాలాసేపు చూసి
"తూకు గుండు వేలాడదీసినట్టే ఉండాది" అన్నాడు.
తర్వాత, "మెట్టు సంగతి గూడా రాసినావా?"
రాశానన్నాను.
"ఇంగ జనం వస్తారా?"

ఏమో.
ఇంకో రెండు టీలు చెప్పాను.